దయ్యానికీ ఒక లెక్కుండాలి

ఈమధ్య ఒక హారర్ నవల చదివి, చివరికొచ్చేసరికి దాన్ని గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. పేరు చెప్పను. పుస్తకమంతా తలుపులు కిర్రుమంటాయి, అద్దంలో ఎవరో ఆడమనిషి కనబడుతుంది, పనిమనిషి కళ్లు తేలేస్తుంది, మనం కూడా దుప్పటి ముసుగేసుకుని చదువుతుంటాం, తీరా చివరి పది పేజీల్లో ఒక సైకియాట్రిస్టు దిగి ‘ఇదంతా హీరోయిన్ మనసు సృష్టించుకున్నదే’ అని తేల్చేస్తాడు. సరే స్వామీ, హీరోయిన్ మనసు అనుకుందాం, మరి అద్దంలో మనిషి పనిమనిషికి కూడా కనబడింది కదా, ఆమెకు హీరోయిన్ మనసు అద్దెకిచ్చారా? రచయితకు ఆ సంగతి గుర్తే లేదు.

నేను దయ్యాల్ని నమ్మను. కానీ దయ్యం కథంటే చెవి కోసుకుంటాను, మంచి కథ చదివిన రాత్రి కరెంటు పోతే మంచం దిగడానికి ఆలోచిస్తాను కూడా. నమ్మకపోతే భయమెందుకు అని మా ఆఫీసులో ఒకాయన ఎప్పుడూ తగులుకుంటాడు. నమ్మకం వేరే, భయం వేరే సార్, ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు ఈ పుస్తకాల జోలికి రాకుండా ఉంటేనే మంచిది.

నా బాధ దయ్యం నిజమా అబద్ధమా అని కాదు. దానికొక లెక్క ఉందా లేదా అన్నదే. మా జేజి చెప్పిన దయ్యాలకు ఎంత కట్టుదిట్టమైన రూల్సుండేవో చూడండి. రాత్రిపూట ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి పిలిచేదాకా పలకగూడదు, ఎందుకంటే దయ్యం మూడోసారి పిలవదు. చేతిలో ఇనుప ముక్కుంటే దగ్గరికి రాదు. గుమ్మానికి యాపమండ ఉంటే లోపలికి రాదు. ఒకప్పుడు మన ఊళ్లల్లో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసుకున్నారు, గుర్తుందా? నాకు ఆ దయ్యం మీద ఇప్పటికీ జాలే. చదవడం వచ్చు, పద్ధతీ ఉంది, రోజూ వచ్చి బోర్డు చదువుకుని, ఏదో ఆఫీసు చుట్టూ పెన్షన్ కోసం తిరిగే ముసలామెలా మారు మాట్లాడకుండా వెనక్కి పోతుంది. నవ్వొచ్చే సంగతే గానీ, రాత్రి ఆ అక్షరాలు చూస్తే నిజంగా వెన్ను జలదరించేది. అవతలిది ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలిసినప్పుడే ఆ సుద్దముక్క గీతకు విలువ. ఏమైనా చేయగల దయ్యమైతే బోర్డు దేనికి, తలుపు దేనికి?

చందమామ బేతాళుణ్ణే తీసుకోండి. తెలిసీ జవాబు చెప్పకపోతే విక్రమార్కుడి తల పగిలిపోతుంది, చెబితే మౌనభంగమై శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఉన్నవి రెండే షరతులు. ప్రతి నెలా కథ ఎలా ముగుస్తుందో ముందే తెలుసు, అయినా ఆ మధ్యలో ‘రాజు ఏం చెబుతాడబ్బా’ అన్న టెన్షన్ తగ్గేది కాదు. శంకర్ గారి బొమ్మ, భుజాన శవం, చేతిలో కత్తి... సరే, బొమ్మ గురించి మొదలుపెడితే ఇది ఇప్పట్లో తెమలదు.

డిటెక్టివ్ కథలవాళ్లు ఈ లెక్క విషయంలో ఇంకా గట్టివాళ్లు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లీషాయన డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. అందులో ఒకటి, కథలోకి దయ్యాలూ అతీతశక్తులూ రాకూడదని. ఇంకొకటి, రహస్యపు గదో దారో ఒకటికి మించి ఉండకూడదని. ఇందులో తమాషా ఏంటంటే ఆయన చర్చి ఫాదరు! మనిషి కంటికి కనబడని దాన్ని నమ్మడమే ఆయన ఉద్యోగం, కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం అదేం కుదరదన్నాడు. కోనన్ డాయిల్ ఇంకా విచిత్రం. చనిపోయినవాళ్లతో మాట్లాడొచ్చని ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు, ఇద్దరు ఆడపిల్లలు తీసిన దేవకన్యల ఫొటోల్ని నిజమని నమ్మి 1922లో ఒక పుస్తకమే వేశాడు. అలాంటాయన షెర్లాక్ హోమ్స్ కథల్లోకి మాత్రం ఒక్క దయ్యాన్నీ రానివ్వలేదు. ఒక హోమ్స్ నవల్లో బాస్కర్‌విల్ వేటకుక్క నోట్లోంచి మంటలొస్తుంటే ఊరంతా శాపం అనుకుంటుంది, చివరికి చూస్తే భాస్వరం పూత. (నూరేళ్లు దాటిన కథ, ఇంకా చదవకపోతే తప్పు మీదే.) ఆ భాస్వరం సంగతి తెలిశాక కూడా నాకు ఆ కుక్క పరుగెత్తుకొచ్చే చోటు మళ్లీ చదివితే భయమే, ఎందుకంటే నన్ను మోసం చేయలేదు, మొదట్నుంచీ అది కుక్కేనని నా కళ్ల ముందే పెట్టి నేను చూడకుండా చేశాడంతే.

మన దగ్గర ఈ విషయంలో అసలు పేచీ ‘తులసిదళం’ నవలతోనే. యండమూరి ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా రాసినప్పుడు మా చిన్నమ్మ కర్నూల్లో కాలేజీలో చదివేదట, పత్రిక వచ్చిన రోజు హాస్టల్లో ఎవరు ముందు చదవాలని కొట్లాటలు, చదివాక రాత్రిపూట ఒక్కతే వరండాలోకి పోవడానికి ఏ పిల్లకూ ధైర్యముండేది కాదట. నేను చాలా ఏళ్ల తర్వాత, అట్ట ఊడిపోయిన కాపీ చదివాను. కథలో చేతబడి జరిగిందంటున్న పసిపిల్లను బతికించడానికి ఒకపక్క వైద్యం, ఒకపక్క హిప్నాటిజం, ఇంకోపక్క చేతబడి బొమ్మ కోసం వెతుకులాట, అన్నీ ఒకేసారి నడుస్తాయి. ఏది పని చేసిందో నీ ఇష్టమొచ్చింది నమ్ముకో అన్నట్టు వదిలేస్తాడు. పేజీ తిప్పించడంలో ఆ పుస్తకానికి వంక పెట్టడానికి లేదు, ఇప్పటికీ. కానీ ఆ ముగింపును తెలివి అనాలో తప్పించుకోవడం అనాలో నేను తేల్చుకోలేను అని చెప్పను, తప్పించుకోవడమే అంటాను. చేతబడి చేసిందనే అనుమానంతో ఒంటరి ముసలామెను కొట్టి చంపారని మన పేపర్లలో వార్తలు పడుతూనే ఉన్నాయి కదా, అలాంటి చోట ‘ఉండొచ్చు, లేకపోవచ్చు’ అని గోడ మీద కూర్చుంటే ఎట్లా? రచయిత్రి రంగనాయకమ్మ గారు ఆ నవల మీద మండిపడ్డారంటే ఊరికే కాదు. ఆమె అన్న ప్రతి మాటా నేను ఒప్పుకోను, ఆ కోపం మాత్రం న్యాయమైనదే.

ఇంకో ఫిర్యాదుంది నాకు. తెలుగు దయ్యాలన్నీ ఏదో ఒక చలికొండ మీద పాత బంగళాలోనే ఎందుకుంటాయి? వర్షం, పొగమంచు, పియానో. కర్నూల్లో, కడపలో, అనంతపురంలో ఎవరింట్లో పియానో ఉందండీ? మా వైపు అసలు భయం రాత్రిది కాదు. ‘మిట్టమధ్యాన్నం చింతమాను కిందికి పోవాకు రా’ అనేది జేజి. మే నెలలో పన్నెండు గంటలప్పుడు పల్లెలో వీధిలోకొచ్చి నిలబడండి, కుక్క కూడా అరవదు, తలుపులన్నీ మూసి ఉంటాయి, మీ నీడ మీ కాళ్ల దగ్గరే ముద్దగా పడి ఉంటుంది, దూరంగా తారు రోడ్డు మీద లేని నీళ్లు కనిపిస్తుంటాయి. ఆ వెలుగులో భయపెట్టగలిగితే అప్పుడు నీ చేతికి దండం పెడతాను. చీకట్లో ఎవడైనా భయపెడతాడు.

చోట్లకు కరువా? కొలిమిగుండ్ల దగ్గర బెలూం గుహలున్నాయి, మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, లోపలికి పోయేకొద్దీ ఉక్కపోసి చొక్కా ఒంటికంటుకుంటుంది, ఒకచోట రాళ్లను కర్రతో తడితే స్వరాలు పలుకుతాయి. పాతాళగంగ అనే చోట నీళ్లు కనబడి మళ్లీ భూమిలోకే పోతాయి. అందరూ బయటికొచ్చాక లోపల్నుంచి ఆ రాయి ఒక్కసారి మోగిందనుకోండి, చాలదా మొదటి అధ్యాయానికి?

లేదంటే కర్నూల్లో మా కొండారెడ్డి బురుజు ఉండనే ఉంది. దాని కిందినుంచి సొరంగం తుంగభద్ర అడుగున పోయి గద్వాల కోట దగ్గర తేలుతుందని, బందీగా ఉన్న కొండారెడ్డి దాంట్లోంచే తప్పించుకున్నాడని ఇక్కడ పుట్టిన ప్రతి పిల్లవాడూ వింటాడు. నెత్తిన ఏరు, ముందూ వెనకా చీకటి, చేతిలో దివిటీ ఎంతసేపు మండుతుందో తెలియదు. నాక్స్ గారి లెక్క ప్రకారం రహస్యపు దారి ఒక్కటే, అదీ సరిపోయింది. ఇన్నేళ్లుగా దీని మీద సరైన మిస్టరీ నవల ఒక్కటి కూడా నా కంటబడలేదు.

ఎవరైనా రాస్తానంటే అడ్వాన్సుగా ఒక కాపీ కొంటాను. షరతులు రెండే. సొరంగంలో ఉన్నది మనిషో దయ్యమో మొదటి పేజీకి ముందే తేల్చుకుని రాయాలి. రెండోది, దాన్ని కనిపెట్టేవాడు హైదరాబాద్ నుంచి కారేసుకుని రాకూడదు.