ఏప్రిల్ 30 లోపు

మా నాయనకు ఒక పట్టుదల. ఏప్రిల్ 30 దాటకుండా ఇంటి పన్ను కట్టేయాలి. ఏడాదిది మొత్తం ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు, ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ. "ఆ ఐదు శాతంతో వారం పాలు వస్తాయి రా" అంటాడు.

తిరుపతి ఎండల సంగతి తెలిసిందే. ఈసారి ఆయన్ని పంపలేక నేనే వెళ్లి కట్టి వచ్చా. రసీదు చేతికిస్తే కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివాడు. పన్ను మీద రూపాయికి 8 పైసలు అదనంగా గ్రంథాలయాలకు పోతాయట, నాకు ఇన్నాళ్లకు తెలిసింది. లైబ్రరీ గడప తొక్కి ఎన్నేళ్లయిందో మాత్రం అడగొద్దు.

అంతలో పక్కింటి అక్క వచ్చింది. "ఇంత కడతాం గదా, మన సందులో కాలువ మీద పలకలేయడానికి దుడ్లు లేవంటే ఎట్లబ్బా?"

నేను కాస్త తెలివి చూపించబోయా. ఢిల్లీ నుంచి వచ్చే డబ్బు అంతా ఇష్టమొచ్చినట్టు వాడడానికి ఉండదక్కా, 15వ ఆర్థిక సంఘం 2021-26కి మనలాంటి ఊళ్లకిచ్చిన దాంట్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే అని నియమం పెట్టింది అన్నా.

"కాలువ పారిశుద్ధ్యం కాదా?"

నా దగ్గర జవాబు లేదు. నాయన నవ్వు ఆపుకుంటూ తెల్లకాగితం తెచ్చిచ్చాడు. రాత్రి అర్జీ రాశా. తప్పులు ఆయనే దిద్దాడు, ఎర్ర పెన్నుతో. ఇప్పుడు మళ్లీ మొత్తం తిరగరాయాలి.