రెండు రసీదులు

అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్‌లో సంచులు ఇచ్చేస్తే వాళ్ళే కొండ మీదకి చేరుస్తారు. మనం చేతులూపుకుంటూ ఎక్కొచ్చు. కౌంటర్లో ఆయన మా ముగ్గురినీ చూసి, "అన్నీ ఒకే పేరు మీద రాసేయనా అమ్మా?" అన్నాడు. అమ్మ రసీదు పుస్తకం వైపే చూస్తోంది. నాన్న ఫోన్ చూసుకుంటున్నాడు. ఎప్పట్లాగే నేనే నోరు విప్పాను. "రెండు రాయండి."

నా బట్టలు అమ్మ సంచిలో, నా చెప్పులు నాన్న సంచిలో.

విడాకులొచ్చి అప్పటికి మూడు నెలలు. మరి ముగ్గురం కలిసి ఎందుకెళ్ళామంటే, మొక్కు. నాకు నాలుగేళ్ళప్పుడు జ్వరం తగ్గక ఆసుపత్రిలో ఉంటే, పిల్లతో నడిచి కొండెక్కుతామని ఇద్దరూ మొక్కుకున్నారట. ఇదుగో అదుగో అంటూ పన్నెండేళ్ళు గడిచిపోయాయి. "మీరూ మీరూ తెంచుకున్నారు, సరే. దేవుడి బాకీ ఎవరు తీరుస్తారు?" అని నానమ్మ పట్టుబట్టింది. కోర్టు కాగితాల్లో ఫ్లాటు ఉంది, నా ఫీజులు ఉన్నాయి, నేను ఏ శనివారం ఎక్కడుండాలో ఉంది. మొక్కు సంగతి ఎవరూ రాయించలేదు.

మొత్తం 3550 మెట్లు. తెల్లవారుజామున బయల్దేరాం. పాదాల మండపం దాటగానే నాన్న ముందుకెళ్ళిపోయాడు. ఒక కొత్త పెళ్ళికూతురు ప్రతి మెట్టుకీ పసుపు రాసి బొట్టు పెడుతోంది. వాళ్ళాయన కుంకుమ గిన్నె పట్టుకుని పక్కనే వంగి వంగి ఎక్కుతున్నాడు. అమ్మ వాళ్ళని దాటి వెళ్ళొచ్చు, దారి ఉంది. అయినా చాలాసేపు వాళ్ళ వెనకే నడిచింది, తడి పసుపు మీద కాలు పడకుండా ఓ పక్కగా.

నేను మధ్యలో, నీళ్ళ సీసాతో. "నాన్నకి చెప్పు, కాస్త ఆగమను." ముప్ఫై మెట్లు పైకి పరుగు. "అమ్మనడుగు, కాళ్ళు నొప్పా అని." మళ్ళీ కిందికి. రెండేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. ఒకే ఇంట్లో ఉన్నప్పుడు కూడా హాల్లోంచి వంటింట్లోకి కబుర్లు మోశాను. కోపంగా చెప్పినవాటిని కాస్త మెత్తబరిచి అప్పజెప్పేదాన్ని, అది నా సొంత తెలివి. గాలి గోపురం చేరేసరికి వాళ్ళు ఎక్కినదానికి రెట్టింపు నేనే ఎక్కి ఉంటాను.

"ఇక్కడిదాకానే కష్టం, తర్వాత చాలావరకు నడకే" అన్నాడు నాన్న, గోపురం నీడలో చతికిలబడి. ఆ దారిలో అందరూ అనే మాటే అది. నాకు మాత్రం ఆ ఆర్నెల్లు గుర్తొచ్చాయి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలంటే 1955 నాటి హిందూ వివాహ చట్టం, 13బి సెక్షన్ ప్రకారం పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. అది తప్పనిసరేం కాదని, తగిన కారణాలుంటే కోర్టు మినహాయించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిందట. మావాళ్ళు మాత్రం పూర్తిగా ఆగారు. ఆలోచించుకోవడానికే కదా ఆ గడువు, ఆలోచించుకుంటారులే అనుకున్నాను. నాన్న షేవింగ్ బ్రష్ బాత్రూంలో అలాగే ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున్నే దాన్ని చూసి లెక్క వేసుకునేదాన్ని. ఒక పొద్దున చూస్తే అది లేదు.

జింకల పార్కు, ఏడో మైలు ఆంజనేయస్వామి విగ్రహం, అవ్వాచారి కోన. ఎండెక్కింది. మోకాలి మెట్టు దగ్గర మెట్లు నిలువుగా లేస్తాయి. రామానుజులవారు ఈ కొండని పాదాలతో తొక్కకుండా మోకాళ్ళ మీద ఎక్కారని చెబుతారు. ఇప్పటికీ కొందరు అలాగే ఎక్కుతారు. నేను మాత్రం మొదటి మెట్టు మీదే కూలబడ్డాను.

"నాన్నకి చెప్పు, పిల్ల ఇక్కడ కూర్చుందని."

"నువ్వే చెప్పమ్మా."

అమ్మ నా వైపు చూసింది. విసుక్కుంటుందనుకున్నాను. పైకి చూసి నోరు తెరిచింది, మళ్ళీ మూసేసింది. అప్పుడర్థమైంది నాకు. పద్దెనిమిదేళ్ళు "ఏవండీ" అని పిలిచిన మనిషి. ఆ పిలుపు ఇప్పుడు కుదరదు. పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు. పైన నాన్న నీలం చొక్కా జనంలో కలిసిపోతోంది. గోవిందా గోవిందా అంటూ ఒక గుంపు మమ్మల్ని దాటి వెళ్ళింది.

"చిన్నీ వాళ్ళ నాన్నా!"

నాన్న ఠక్కున వెనక్కి తిరిగాడు. దిగొచ్చి మాకు రెండు మెట్ల పైన కూర్చున్నాడు. "బాగా ఎండగా ఉంది" అన్నాడు. "అవును, టోపీ తెచ్చుకోవాల్సింది" అంది అమ్మ. అంతే. సీసా నా చేతిలోంచి అమ్మకి, అమ్మ చేతిలోంచి నేరుగా నాన్నకి వెళ్ళింది. అక్కణ్ణుంచి నేను నా మెట్లే ఎక్కాను.

పైన కౌంటర్ దగ్గర అమ్మ సంచి ముందొచ్చింది. నాన్న రసీదు ఏ జేబులో పెట్టాడో వెతుక్కుంటూ వరసలో వెనకబడ్డాడు. సిమెంటు నేల కాలుతోంది, ఒంటికాలి మీద నిలబడ్డాను.

"నీ చెప్పులేవే?" అంది అమ్మ.

"నాన్న సంచిలో."

అమ్మ సంచి కింద పెట్టింది. "సరే, రానీ. ఆగుదాం."