ఎం-2 పోయింది, అయితే ఏంటి

ఇంటర్‌లో మ్యాథ్స్ 2ఏలో 75కి 73 వచ్చినవాడికి బీటెక్‌లో ఎం-2, అంటే మ్యాథ్స్-2 పేపర్, పోయిందంటే మా విజయవాడలో ఎవరూ నమ్మరు, ఫోన్ పట్టుకుని తిరిగాడనే అంటారు. నాకు కారణం వేరే కనిపిస్తోంది. ఇంటర్‌లో ఏ చాప్టర్‌కి ఎన్ని మార్కులో చూసుకుని, అవే లెక్కలు చేతికి అలవాటయ్యేదాకా రుద్దించారు. ఇక్కడ లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్ తీసుకోండి, డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని మామూలు ఆల్జీబ్రాగా మార్చేస్తుంది, అంతవరకూ హాయిగానే ఉంటుంది గానీ, ఇన్వర్స్ తీయాలంటే, అంటే జవాబుని మళ్లీ వెనక్కి మార్చాలంటే, పార్షియల్ ఫ్రాక్షన్స్ (ఒక పెద్ద భిన్నాన్ని చిన్న భిన్నాలుగా విడగొట్టడం) కావాలి, సరిగ్గా అక్కడే నా పెన్ను ఆగిపోతుంది. అది 2ఏ చాప్టరే మరి! 73 మార్కులు ఎలా వచ్చాయో దేవుడికే తెలియాలి.

రిజల్ట్స్ వచ్చిన రోజు నాన్న ఏమీ అనలేదు. అమ్మకి మాత్రం పెద్దమ్మ ఫోన్ చేస్తే ఏం చెప్పాలా అని టెన్షన్.

లెనిన్ సెంటర్‌లో పాత ఇంటర్ పుస్తకం ఒకటి కొన్నాను. 1/(ఎస్(ఎస్+1))ని 1/ఎస్ మైనస్ 1/(ఎస్+1)గా విడగొడితే ఇన్వర్స్ 1 మైనస్ ఈ పవర్ మైనస్ టీ. ఇంతే! దీనికి సెమిస్టరంతా భయపడ్డాను. ఫోరియర్ సిరీస్ అనే ఇంకో చాప్టర్ ఇంకా కొరుకుడు పడలేదు, అది వేరే సంగతి.

సప్లీ ఫీజు కట్టేశాను. రీవాల్యుయేషన్‌కి కూడా పెట్టమంటున్నారు ఫ్రెండ్స్, కానీ ఆ పేపర్లో ఏం రాశానో నాకు తెలుసు కదా, డబ్బులు దండగ.