షార్జాలో జీతం, బోడుప్పల్‌లో మిత్తి

బాకీలు పెట్టుకుని భర్త గల్ఫ్‌కు పనికి వెళ్తుంటే, విమానం ఎక్కడానికి ముందే ఒక సాయంత్రం ఆలుమగలిద్దరూ ఒక తెల్లకాగితం ముందేసుకుని కూర్చోవాలి. దాని మీద ఐదు గడులు గీయాలి. ఎవరికి బాకీ, అసలెంత, నెలకు ఎంత కడుతున్నాం, అందులో అసలు తగ్గేదెంత, కాగితం మీద ఎవరి సంతకం ఉంది. మొదటి మూడు గడులు అందరికీ నోటికే వచ్చు. నాలుగోది నింపేటప్పుడే పెన్ను ఆగుతుంది.

ఒక లెక్క తీసుకుందాం. హైదరాబాద్ పక్కన బోడుప్పల్‌లో కిరాయికుంటున్న జంట. పెళ్లి ఖర్చు, ఆస్పత్రి ఖర్చు, పెట్టి ఎత్తేసిన దుకాణం కలిసి 10,60,000 బాకీ. చేబదులు నోటు మీద 3,00,000, నూటికి మూడు రూపాయల మిత్తి. క్రెడిట్ కార్డు 1,20,000. పర్సనల్ లోను 4,00,000, ఏడాదికి 14 శాతం, ఇంకా 48 కిస్తీలు. బ్యాంకులో కుదువ పెట్టిన బంగారం మీద 1,50,000, పది శాతం. ఎత్తుకున్న రెండు లక్షల చిట్టీలో ఇంకా 18 నెలలు, నెలకు 5,000.

నెలకు కట్టేది: నోటు మిత్తి 9,000, కార్డుకు కనీస మొత్తం 6,000, లోను కిస్తీ 10,930, బంగారం మిత్తి 1,250, చిట్టీ 5,000. మొత్తం 32,180. ఇప్పుడు నాలుగో గడి చూడండి. నోటు అసలు ఒక్క రూపాయీ తగ్గదు. కార్డు మీద నెలకు మూడున్నర శాతం మిత్తి, ఆ మిత్తి మీద 18 శాతం జీఎస్టీ, రెండూ కలిపి 4,956. అంటే కట్టిన ఆరు వేలలో అసలుకు పోయేది వెయ్యి చిల్లర. లోను మొదటి కిస్తీలో 4,667 మిత్తే. అన్నీ కూడితే 32 వేలలో దాదాపు 20 వేలు మిత్తికే పోతోంది. దుబాయ్ వెళ్లి రెండేళ్లయినా బాకీ అలాగే ఉందని తలపట్టుకునే వాళ్ల ఇళ్లల్లో జరిగేది సరిగ్గా ఇదే.

రాబడి సంగతి. ఏసీ మెకానిక్‌గా అతనికి షార్జాలో నెలకు 1,800 దిర్హమ్‌లు, గది కంపెనీదే. తిండికి, ఫోనుకు, చేతిఖర్చుకు 600 పోతే 1,200 పంపొచ్చు. దిర్హమ్ 24 రూపాయలనుకుంటే 28,800. ఇక్కడ ఆమె జీతం 20,000. పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 150, వృత్తి పన్ను 150 పోగా చేతికి దాదాపు 18,000. కిరాయి, సరుకులు, గ్యాసు, కరెంటు కలిపి 17,000. మిగిలే వెయ్యీ కలిపితే 29,800. కట్టాల్సింది 32,180. నెలనెలా 2,380 తక్కువ! జీతం సరిగ్గా వస్తున్నా, ఒక్క రూపాయి దుబారా లేకపోయినా తక్కువే. ఈ తక్కువను పూడ్చడానికి మళ్లీ కార్డు గీకుతారు, లేదంటే ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తారు.

కాబట్టి వెళ్లే ముందే బాకీల రూపం మార్చాలి. ఇంట్లో ఇంకా కుదువకు వెళ్లని బంగారం ఉంటే దాని మీద 1,20,000 తెచ్చి కార్డు మొత్తం ఒకేసారి కట్టేయాలి. కార్డుకు 6,000 పోయే చోట బంగారానికి వెయ్యి పోతుంది. నెల కట్టుబడి 27,180కి దిగుతుంది, 2,620 మిగులు కనిపిస్తుంది. పుస్తెలతాడు తప్ప మిగతా బంగారం బీరువాలో పెట్టుకుని కార్డుకు 42 శాతం కట్టడం పరువు కాదు, నష్టం. అయితే రెండు జాగ్రత్తలు. కుదువ ఆమె పేరు మీదే పెట్టాలి. అతని పేరున పెట్టి షార్జా వెళ్తే నగలు విడిపించడానికి సంతకం దొరకదు. రెండోది, ఈ లోనుకు సాధారణంగా 12 నెలలే గడువు. గడువుకు మిత్తి కట్టి తిరగరాయించకపోతే నోటీసు వస్తుంది, ఆ తర్వాత వేలం. రసీదు మీద రాసిన తూకం, రాళ్లకు తీసేసిన తూకం, స్వచ్ఛత ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి.

కార్డు కంపెనీ ఏజెంటు ఫోన్ చేసి సగం కడితే చాలు, సెటిల్ చేస్తామంటాడు. అలా చేస్తే మన బాకీల చరిత్ర ఉండే సిబిల్‌లో ఆ ఖాతా ఎదురుగా 'సెటిల్డ్' అని పడుతుంది. రేపు ఇంటి లోనుకు వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది. కట్టగలిగే దారి ఉంటే 'క్లోజ్డ్' అయ్యేలా పూర్తిగా కట్టి, బాకీ లేదనే ఎన్ఓసీ తీసుకోవడం మంచిది.

వీసా ఖర్చు కూడా బాకీయే, దాన్ని విడిగా చూడకూడదు. ఏజెంటుకు 80,000 ఇవ్వడానికి మూడు రూపాయల మిత్తికి తెస్తే నెలకు 2,400, అంటే జీతంలో వంద దిర్హమ్‌లు మొదటి నెల నుంచే పోయినట్టు. మన ఎమిగ్రేషన్ నిబంధనల ప్రకారం లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగేది 30,000, దాని మీద జీఎస్టీ, అదీ రసీదు ఇచ్చి. యూఏఈ కార్మిక చట్టమైతే నియామక ఖర్చు కార్మికుడి నుంచి వసూలు చేయకూడదనే చెబుతుంది. లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో విదేశీ ఉద్యోగాలు చూపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ అడగండి. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకుందామనే మాటకు మాత్రం తల ఊపొద్దు. ఉద్యోగ వీసా లేని వాడికి జీతం బ్యాంకు ద్వారా వచ్చే డబ్ల్యూపీఎస్ ఉండదు. జీతం ఆగితే చూపించడానికి కాగితమూ ఉండదు. పది పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి, అంటే పనికి వెళ్లే ముందు ఎమిగ్రేషన్ అనుమతి కావాల్సిన కోవలోకి వస్తుంది. గల్ఫ్ పనికి వెళ్లే ఈసీఆర్ కార్మికుడికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే పది లక్షలు. ఇంత బాకీ ఉన్నవాడు దీంతో ఆగకుండా ఒక టర్మ్ పాలసీ కూడా ఇక్కడ ఉండగానే చేయించుకోవాలి.

మొదటి జీతం చేతికి రావడానికి ఒకటిన్నర, రెండు నెలలు పట్టొచ్చు. మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, బ్యాంకు కార్డు, అన్నీ అయ్యాకే. ఈ సందులోనే కిస్తీలు బౌన్స్ అవుతాయి. దీనికి ఇంటి ముందు నిలబడ్డ బండే సమాధానం. అతను వెళ్లాక రెండేళ్లు ఊరికే తుప్పు పట్టే బండిని అమ్మితే 50,000 వస్తే చాలు, రెండు నెలల కిస్తీలకు దగ్గరగా వస్తుంది. ఆర్టీఏ ఫారం 29, 30 మీద యజమాని సంతకం కావాలి కాబట్టి ప్రయాణానికి ముందే పేరు మార్పించాలి. ఆమె డ్యూటీకి బస్సు ఉంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్టే.

ఇక నోటు. పదింట తొమ్మిది తగాదాలు ఇక్కడే పుడతాయి.

మిత్తి వ్యాపారికి అసలు తిరిగిరావడం ఇష్టముండదు. నెలనెలా తొమ్మిది వేలు వస్తుంటే ఆయనకేం తొందర? "అసలుదేముంది తమ్మీ, ఉన్నప్పుడు ఒక్కసారే ఇయ్యి, మిత్తి మాత్రం ఆపకు" అంటాడు. ఐదు వేలు, పది వేలు అసలుకు జమ వేసుకోమంటే ఒప్పుకోడు. 50,000 చొప్పున అయితే చాలామంది ఒప్పుకుంటారు. ఈ మాట అతను ఊళ్లో ఉండగానే, నలుగురి ముందు తేల్చుకోవాలి. అసలు కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీ, మొత్తం, తీసుకున్న వాడి సంతకంతో చెల్లు రాయించాలి. రెండు వైపులా ఫోటో తీయాలి. మిత్తి కూడా చేతికివ్వకుండా ఫోన్‌పేలో 'మిత్తి, ఫలానా నెల' అని రాసి పంపాలి. నగదే కావాలని పట్టుబట్టే వాడి దగ్గర ఒక చిన్న పుస్తకం పెట్టి సంతకం తీసుకోవాలి.

ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. గడువు దగ్గరపడగానే తిరగరాయమంటారు. అప్పుడు కట్టాల్సిన మిత్తిని అసలులో కలిపి కొత్త నోటు రాయిస్తే చక్రవడ్డీ మొదలైనట్టే. మిగిలిన అసలుకే రాయాలి, పాత నోటు అప్పుడే చేతికి తీసుకోవాలి. అతను పరదేశంలో ఉన్నాడు కదా, పూచీకి నువ్వొక చెక్కు ఇవ్వమ్మా అని ఆమెను అడుగుతారు. ఖాళీ చెక్కు ఇవ్వొద్దు. ఆ అంకె ఎవరు రాస్తారో తెలియదు, బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద కేసు ఆమె మీద పడుతుంది.

ఆ నోటు అసలుకు పైసలెక్కడివి? ఓవర్‌టైమ్. ఇక్కడ ఒక మోసం ఉంది, చట్టప్రకారమే జరిగే మోసం. 1,800 జీతంలో బేసిక్ (అలవెన్సులు కలపని మూల వేతనం) 1,200 అని రాస్తే ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీదే. 1,200ను 30 రోజులతో, 8 గంటలతో భాగిస్తే గంటకు 5 దిర్హమ్‌లు, పావు వంతు కలిపితే 6.25. నెలలో 48 గంటలు అదనంగా చేస్తే 300 దిర్హమ్‌లు, మన దగ్గర 7,200. అందుకే ఆఫర్ లెటర్‌లో మొత్తం జీతం కంటే ముందు బేసిక్ చూడాలి. ఓవర్‌టైమ్ ప్రతి నెలా ఉంటుందన్న హామీ లేదు. కాబట్టి దాన్ని నమ్ముకుని కొత్త కిస్తీ ఏదీ ఎత్తుకోకూడదు, వచ్చిన నెల వచ్చినంతా నోటు అసలుకే.

మిగులు 2,620, ఓవర్‌టైమ్ 7,200 కలిస్తే నెలకు దాదాపు 9,800. ఆరో నెలలో మొదటి 50,000 కట్టొచ్చు. దాంతో మిత్తి 1,500 తగ్గుతుంది, ఆ 1,500 కూడా మిగులులోకే వస్తుంది. రెండో 50,000 పదో నెలలో, మూడోది 14లో, నాలుగోది 18లో. అప్పటికి చిట్టీ కూడా అయిపోయి ఆ 5,000 కలుస్తుంది, ఐదోది 20లో, ఆరోది 23వ నెలలో. మొదటి యాభై వేలకు ఆరు నెలలు, చివరి రెంటికీ కలిపి ఐదు నెలలే పట్టాయి. మొదటి ఆరు నెలల్లో ఏమీ కదలనట్టే ఉంటుంది, ఎక్కువ మంది చేయి వదిలేసేది ఆ ఆరు నెలల్లోనే. నోటు చింపాక అదే ఊపు బంగారం మీదకు మళ్లిస్తే 34వ నెలకు నగలు ఇంటికొస్తాయి, 38వ నెలకు లోను మూసేయొచ్చు. లోను చివర్లో ఉంచడానికి కారణం ఉంది. అది 14 శాతమే, ముందే మూసేస్తే చాలా బ్యాంకులు ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ వేస్తాయి. బంగారం దానికంటే చవక బాకీ కదా, ముందెందుకు అంటే, ఏటా తిరగరాయించే తలనొప్పి, వేలం భయం. అది లెక్కకు కాదు, నిద్రకు.

డబ్బు పంపే పద్ధతి. విదేశంలో ఉద్యోగానికి వెళ్లినవాడు పాత సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకిచ్చే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి, అక్కడి జీతం పంపడానికి ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. ఎక్స్ఛేంజ్ దుకాణం ప్రతి పంపకానికీ రుసుము తీసుకుంటుంది కాబట్టి నెలకు ఒక్కసారే ఎన్ఆర్ఈలోకి పంపి, అక్కడి నుంచి నెట్ బ్యాంకింగ్‌లో ఆమె ఖాతాకు వేయాలి. భార్యకు పంపిన డబ్బు మీద ఆమెకు పన్ను లేదు. రేటు పెరుగుతుందని ఆగేవాళ్లు ఒక లెక్క చూసుకోవాలి. దిర్హమ్‌కు 20 పైసలు ఎక్కువొస్తే 1,200 మీద లాభం 240 రూపాయలు. నోటుకు కట్టాల్సిన 50,000 పది రోజులు ఆలస్యమైతే మిత్తి 500. హుండీ (హవాలా) మనిషి రేటు బాగుంటుంది, కానీ అది నేరం, పైగా ఆ డబ్బు ఎవరి ఖాతా నుంచి వచ్చిందో తెలియక ఆమె ఖాతా ఫ్రీజ్ అయిన రోజు కిస్తీలన్నీ ఒకేసారి బౌన్స్ అవుతాయి. ఇండియా సిమ్ వెంట తీసుకెళ్లి రీచార్జ్ ఆపకుండా ఉంచండి. నెంబరు పోతే ఓటీపీ పోయినట్టే, బ్యాంకుకు అతనే రావాలంటారు.

ఆమెను కూడా తీసుకెళ్దామనే ఆలోచన ఏడాదిలోపే వస్తుంది. కుటుంబ వీసాకు 4,000 దిర్హమ్‌ల జీతం ఉండాలి, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు. 1,800 మీద అది కుదరదు. ఆమె సొంతంగా పనికి వెళ్లాలన్నా ఈసీఆర్ పాస్‌పోర్టయితే 30 ఏళ్లు నిండాలి. ఇక్కడి ఉద్యోగం చిన్నదిగా కనిపిస్తుంది కానీ నెలకు 150 రూపాయలతో సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రి ఆమెకు తోడుంది. ఈ జంట బాకీలో ఒక వాటా ఆస్పత్రిదేనని మరిచిపోవద్దు.

"దుబాయ్ పైసలొస్తున్నయ్ కదా వదినా" అంటూ వచ్చే చుట్టాలకు ఆమె ఒక్కతే జవాబు చెప్పలేదు. ఐదు గడుల కాగితం ఫోటో అతని ఫోన్లో ఉంటే, "ఈ నెల ఇంత కట్టాలి" అని అతనే చెప్పగలడు. యాదగిరిగుట్ట దారిలోనో, షాద్‌నగర్ దాటాకనో నెలనెలా కట్టే ప్లాటు గురించి రూమ్‌మేట్లు చెబుతారు. 36 శాతం బాకీ తల మీద ఉండగా ఏ ప్లాటూ అంత పెరగదు. మొదటి సెలవుకు వచ్చేటప్పుడు సామాను, బంగారం, పండ్ల పెట్టెలు అంటూ లక్ష దాటించే వాళ్లున్నారు. ఆ లక్ష రెండు చెల్లులు.

పని ముగించుకుని వచ్చేటప్పుడు గ్రాట్యుటీ ఉంటుంది. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, అంటే 1,200 మీద 840 దిర్హమ్‌లు. మూడేళ్ల రెండు నెలలకు 2,660 దాకా. ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా కంపెనీ అన్ని బకాయిలూ చెల్లించాలి. వీసా రద్దు కాగితంతో పాటు అన్నీ ముట్టాయని రాసిన కాగితం కూడా ముందు పెడతారు. డబ్బు ఖాతాలో పడ్డాక, టికెట్టు చేతికొచ్చాక దాని మీద సంతకం పెట్టాలి.