లెట్రోజోల్, లేసు సూది, రెండు కిలోల బియ్యం సంచి

నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన ఆడపిల్లలకు అక్షరాలతో పాటే లేసు అల్లిక కూడా వస్తుంది. నాకు ఎనిమిదో ఏట చేతికొచ్చిన క్రోషే సూది యాభై ఏళ్ళ పాటు చెయ్యి విడవలేదు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ ముగిసి, ఇక జబ్బు తిరగబెట్టకుండా రోజుకో లెట్రోజోల్ మాత్ర తప్ప ఏమీ లేదని ఇంటిల్లిపాదీ తేలికపడిన మూడో నెలలో, ఒక ఉదయం ఆ సూదిని పట్టుకోవడానికి నా వేళ్ళు ముడుచుకోలేదు. ఉంగరపు వేలు బలవంతాన ముడిస్తే, దాన్ని మళ్ళీ తెరవడానికి రెండో చెయ్యి సాయం కావలసి వచ్చింది. మంచం దిగితే మోకాళ్ళు, మడమలు కొయ్యబారి ఉండేవి. గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, కాఫీ కాచుకునే సరికి కాస్త సడలేవి.

జబ్బు ఎముకలకు పాకిందేమోనని వారం రోజులు ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయాను. అది నా పొరపాటు. డాక్టరు గారు రెండే ప్రశ్నలు అడిగారు: రెండు వైపులా ఒకేలా ఉందా, కదిలిన కొద్దీ తగ్గుతోందా అని. రెండింటికీ అవునన్నాను. ఇది మాత్ర వల్ల వచ్చే బిగుతేననీ, ఈ మందులు వాడేవారిలో సుమారు సగం మందికి ఇది వస్తుందనీ చెప్పారు. ఒకే చోట మొదలై రోజురోజుకూ పెరుగుతూ, రాత్రి నిద్ర లేపే నొప్పి అయితే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా రమ్మన్నారు.

కారణం తెలిశాక భయం సగం తగ్గింది. నెలసరి ఆగిన తరువాత అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ మానేసినా, కొవ్వులోను కండరాలలోను ఉండే అరోమటేస్ అనే ఎంజైము ఇతర హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తూనే ఉంటుంది. లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సెమెస్టేన్ అనే మూడు మందులూ ఆ ఎంజైమును అడ్డుకుని, శరీరంలో మిగిలిన కొద్దిపాటి ఈస్ట్రోజన్‌ను కూడా 90 శాతానికి పైగా తగ్గిస్తాయి. క్యాన్సర్ కణానికి తిండి అందకుండా చేసే ఆ పనే ఎముకకు నష్టం తెస్తుంది, ఎందుకంటే పాత ఎముకను కరిగించే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజనే. అది లేనప్పుడు కరిగేది ఎక్కువ, కట్టేది తక్కువ అవుతుంది. రొమ్ము క్యాన్సర్‌కే ఇచ్చే మరో మాత్ర టామోక్సిఫెన్ సంగతి వేరు. నెలసరి ఆగినవారి ఎముకలను అది కొంత కాపాడుతుంది, ఆగనివారిలో ఎముక బలాన్ని కొంత తగ్గించవచ్చు. కాబట్టి పక్కింటావిడ ఏ మాత్ర వాడుతోందో తెలియకుండా ఆమె అనుభవాన్ని మనకు అన్వయించుకోకూడదు.

ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే డెక్సా స్కాను మొదటిసారి తీసినప్పుడు, నడుము దగ్గర నా టీ-స్కోరు మైనస్ 1.8 వచ్చింది. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు, మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే గుల్లబారినట్టు లెక్క. మాత్ర కనీసం 5 ఏళ్ళు వాడాలి. నొప్పికి తాళలేక మధ్యలో తమంతట తామే మానేసేవారు చాలామంది ఉన్నారని విన్నప్పుడు, ఆ ఆలోచన నాకూ రాలేదని చెప్పలేను. మందు మార్చి చూడవచ్చు, నొప్పికి వేరే మందు వాడవచ్చు, కానీ ముందు వ్యాయామం చేసి చూడమన్నారు.

ఆ మాట వెనుక గట్టి ఆధారమే ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వారు ఇవే మందులు వాడుతూ కీళ్ళ నొప్పులతో బాధపడుతున్న 121 మంది స్త్రీలతో ఒక పరీక్ష జరిపి, 2015లో ఫలితం ప్రకటించారు. వారిలో ఒక వర్గం వారానికి 150 నిమిషాల నడక వంటి వ్యాయామమూ, రెండుసార్లు బరువులతో సాధనా చేసింది. ఏడాది తరువాత ఈ వర్గంలో అతి తీవ్రమైన నొప్పి సూచిక 29 శాతం తగ్గగా, మామూలుగా ఉన్నవారిలో 3 శాతం పెరిగింది. నొప్పి మాయమైందని అందులో లేదు. నాకూ కాలేదు.

నేను నడక దగ్గరే ఆగిపోయాను. తెల్లవారుజామున పంట కాలువ గట్టు మీద లాకుల దాకా వెళ్ళి రావడం కన్నా ఇంకేం కావాలనుకున్నాను. పైగా రోజంతా ఇంటి పని ఉండనే ఉంది. భీమవరంలో నేను చూపించుకున్న ఫిజియోథెరపిస్టు అమ్మాయి, “పిన్నిగారూ, ఇంటి పని మీ ఎముకలకు ఎప్పుడో అలవాటైపోయిందండి, ఇప్పుడు వాటికి కొత్త బరువు కావాలండి” అంది. ఎముకలోని కణాలు తమ మీద పడే ఒత్తిడిని గుర్తిస్తాయట. అలవాటైన దానికన్నా ఎక్కువ పడినప్పుడే బలం పెంచుకునే ప్రయత్నం చేస్తాయట. మా డెల్టాలో ఎటు చూసినా చదునే, ఎక్కడానికి ఒక చిన్న దిబ్బ కూడా ఉండదు కనుక ఇక్కడి నడక గుండెకు, కీళ్ళకు మేలు చేసినంతగా ఎముకకు చేయదు. సైకిలు, ఈత కూడా అంతే, వాటిలో ఒంటి బరువు కాళ్ళ మీద పడదు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో, అరగంట బరువుల సాధన చేస్తున్నాను. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం, గోడకు చేతులు ఆనించి తోయడం, కాలువ రేవు మెట్లు ఎక్కి దిగడం, గుడ్డ సంచిలో బియ్యం పోసి మోచేతి దగ్గర వంచి ఎత్తడం. సంచి అర కిలోతో మొదలై ఎనిమిది నెలలకు రెండు కిలోలైంది. పన్నెండుసార్లు సునాయాసంగా ఎత్తగలిగినప్పుడే ఒక గుప్పెడో రెండు గుప్పెళ్ళో కలుపుతాను.

ఈ సంచి మీదే ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆపరేషన్‌లో నా చంకలోని లింఫు గ్రంథులు తీసేశారు, అవి లేని చేతిలో నీరు చేరి వాపు రావచ్చు కనుక ఆ చేత్తో చెంబెడు నీళ్ళు కూడా ఎత్తకూడదని మా ఆడపడుచు పట్టు. “చెయ్యి వాచిపోతే ఏం చేస్తావు వదినా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఒకప్పుడు డాక్టర్లూ ఆ మాటే చెప్పేవారు. అయితే చెయ్యి వాపు ఉన్న 141 మంది స్త్రీలతో జరిపి 2009లో ప్రచురించిన మరో అమెరికా పరీక్షలో, శిక్షకుల పర్యవేక్షణలో మెల్లమెల్లగా బరువు పెంచుకుంటూ పోతే వాపు ఎక్కువ కాలేదని తేలింది. మెల్లమెల్లగా అన్నదే అక్కడ కీలకం. చెయ్యి బరువెక్కినట్టు, గాజులు బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆపి చూపించుకోవాలి.

ఎముక గుల్లబారినవారు నడుము ముందుకు వంచి కాలి వేళ్ళు అందుకునే ఆసనాలు చేయకూడదు. వెన్నుపూస ముందు భాగం నొక్కుకుపోయి విరిగే ప్రమాదం ఉంది. యోగా అనగానే అన్నీ మంచివేనన్న నమ్మకం మనలో బలంగా ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

అన్నిటికన్నా నేను భయపడేది పడిపోవడానికి. వానాకాలం మొదలైతే కాలువ గట్టు జారుడుబల్లే, పెరట్లో గచ్చంతా నాచే. అందుకే వానల్లో నడక అరుగు మీదికి మారుతుంది, రేవు మెట్ల బదులు డాబా మెట్లు వస్తాయి. పళ్ళు తోముకునేటప్పుడు సింకు పట్టుకుని ఒంటికాలి మీద పది లెక్కపెట్టి నిలబడతాను, ఆ తరువాత రెండో కాలు. తూలు ఎంత తగ్గిందో నాకే ఆశ్చర్యం.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. రోజుకు ఆహారంతో కలిపి సుమారు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నారు. పాలు, పెరుగు, రాగి జావ, ముల్లుతో నమలగల చిన్న చేపలు పోగా తక్కువపడిన దానికే మాత్ర. డి విటమిను రక్తపరీక్ష చూసి ఇచ్చారు. ఎముక మరీ పలచబడితే ఎముక కరగడాన్ని తగ్గించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షను ఆరు నెలలకోసారి ఉంటుంది. దానికి ముందు పళ్ళు చూపించుకుని, పీకవలసినవి పీకించుకోవాలి. వ్యాయామం ఆ ఇంజెక్షనుకు బదులు కాదు.

రెండేళ్ళ తరువాత తీసిన స్కానులో టీ-స్కోరు మైనస్ 1.9 వచ్చింది. నేను చిన్నబుచ్చుకుంటే, ఈ మాత్ర వేసుకుంటూ దాదాపు అక్కడే నిలబడటం మామూలు విషయం కాదని డాక్టరు గారు నవ్వారు. ఉంగరపు వేలు ఉదయం పూట ఇప్పటికీ పట్టేస్తుంది. గోరువెచ్చని నీళ్ళలో పిడికిలి ముడిచి తెరుస్తూ పది నిమిషాలు గడిపాక సూది పట్టుకుంటున్నాను. అయితే ఇదివరకటిలా గంటల తరబడి కాదు, అరగంటకోసారి లేచి, మడమలు నాలుగుసార్లు ఎత్తి దించి మళ్ళీ కూర్చుంటున్నాను.