వాచ్: అసలు అర్థం మేలుకొని ఉండటం

ఇంగ్లిష్‌లో చూడటం అనే అర్థంలో వాడే వాచ్ అనే మాటకు మొదట్లో అర్థం చూడటం కాదు, నిద్రపోకుండా ఉండటం. పాత ఇంగ్లిష్‌లో ‘వాచ్చన్’ అంటే మేలుకొని ఉండటమే. వేక్ అనే మాటదీ అదే వేరు. రాత్రి కాపలా కాయాలంటే మెలకువగా ఉండాలి కదా, అలా కాపలా అనే అర్థం చేరింది. కనిపెట్టి చూడటం ఆ తర్వాత వచ్చింది.

ఓడల్లో ఆ పాత అర్థం ఇప్పటికీ బతికే ఉంది. అక్కడ వాచ్ అంటే నాలుగు గంటల కాపలా వంతు. లెక్కప్రకారం రోజుకు ఆరు వంతులు. కానీ రెండు జట్లు ఆరు వంతులు పంచుకుంటే నడిరాత్రి కాపలా రోజూ ఒకే జట్టు మీద పడుతుంది. అందుకే సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వంతును రెండుగా చీల్చారు. ఈ రెండు గంటల ముక్కలే డాగ్ వాచ్‌లు. మొత్తం ఏడు, బేసి సంఖ్య. దాంతో వేళలు ఏ రోజుకారోజు మారతాయి. ఎంత చక్కని ఏర్పాటో!

వాడుకలో తరచూ జరిగే పొరపాటు: ఫొటోకు వాచ్ వాడకూడదు, లుక్ ఎట్ అనాలి. కదిలేదానికి, మారేదానికే వాచ్. పాలు పొంగుతాయేమో చూస్తూ ఉండమంటే వాచ్ సరిపోతుంది. వాచ్ అవుట్ అంటే మాత్రం బయటికి చూడమని కాదు, జాగ్రత్త అని.