విశ్వాస పరీక్ష: మార్కులు పోయేది హారం దగ్గరే

బెంగళూరులో ఉంటూ గ్రూప్స్‌కో సివిల్స్‌కో చదువుతున్న మన తెలుగువాళ్లకు పాలిటీలో ఒక సుఖం ఉంది. బలపరీక్ష, విప్ (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం), అనర్హత వేటు అని పుస్తకంలో చదివే కేసుల్లో చాలావాటి ఊరు ఇదే. కబ్బన్ పార్కు స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో పుస్తకం మూసి బయటికొస్తే నడిచిపోయేంత దూరంలో విధాన సౌధ. 2018లో యడియూరప్ప ఓటింగు దాకా రాకుండానే రాజీనామా చేసిందీ, 2019లో కుమారస్వామి ఓడిందీ అక్కడే.

అయినా ఈ చాప్టర్‌లో మార్కులు పోతూనే ఉంటాయి. ఆర్టికల్ నంబర్లు అందరికీ నోటికొచ్చు, లెక్క దగ్గర బోల్తా పడతాం. మెజారిటీ అనగానే మొత్తం సీట్లను రెండుతో భాగించి ఒకటి కలిపేస్తాం. టీవీ వాళ్లు అలవాటు చేసిన ‘మేజిక్ ఫిగర్’ అది. విశ్వాస పరీక్షలో ముందు చూడాల్సింది హారం. ఆ రోజు సభలో ఉండి ఓటేసింది ఎంతమంది? 100(1), 189(1) ఆర్టికల్స్ చెప్పేది ఇదే: హాజరై ఓటు వేసినవారిలో సగం కంటే ఎక్కువ. స్పీకర్‌ను లెక్కలోకి తీసుకోరు. ఓట్లు సమానమైతేనే ఆయన నిర్ణాయక ఓటు వేస్తారు.

లెక్కకు ముందు మాటల సంగతి తేల్చుకోవాలి, ముఖ్యంగా తెలుగు మీడియంలో రాసేవాళ్లు. సెన్షూర్ మోషన్‌ను మన పుస్తకాలు అభిశంసన తీర్మానం అంటాయి. రాష్ట్రపతినో జడ్జినో తొలగించే ఇంపీచ్‌మెంట్‌ను కూడా పేపర్లు అభిశంసన అనే రాస్తాయి. దానికి మహాభియోగం అనే వేరే మాట ఉన్నా వాడేవాళ్లు తక్కువ. కాబట్టి ప్రశ్నలో ‘అభిశంసన’ కనిపిస్తే పక్కనున్న ఇంగ్లిష్ వెర్షన్ చూడకుండా ఆప్షన్ పెట్టొద్దు. సెన్షూర్ అయితే కారణం చెప్పాలి, ఒక్క మంత్రి మీదైనా పెట్టొచ్చు, నెగ్గినా ప్రభుత్వం దిగిపోనక్కర్లేదు. అవిశ్వాసానికి కారణం చెప్పనక్కర్లేదు, అది మొత్తం మంత్రిమండలి మీదే ఉంటుంది, నెగ్గితే రాజీనామా తప్పదు. ఇక్కడి కన్నడ పేపర్లు తిరగేసేవాళ్లకు ఇంకో తిరకాసు: అవిశ్వాస తీర్మానాన్ని వాళ్లు ‘అవిశ్వాస నిర్ణయ’ అంటారు. మన ‘నిర్ణయం’ అనుకుని చదివితే అర్థం మారిపోతుంది. అయితే బలపరీక్షకు వాళ్లు వాడే ‘విశ్వాసమత యాచనె’ మనకు బాగా పనికొచ్చే మాట. యాచించేది ఎవరు? ప్రభుత్వమే. విశ్వాస తీర్మానం ప్రభుత్వం తెస్తుంది, అవిశ్వాసం దాన్ని దించాలనుకున్నవాళ్లు తెస్తారు. ఈ తేడా మీద ఎన్ని ప్రశ్నలైనా తయారుచేయొచ్చు.

అవిశ్వాస తీర్మానం అనే మాట రాజ్యాంగంలో లేదు. 75(3) ప్రకారం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది, రాష్ట్రాల్లో 164(2) ప్రకారం విధానసభకు. తీర్మానం పెట్టే పద్ధతి లోక్‌సభ నియమావళిలోని 198వ నిబంధనలో ఉంది. 2014 సివిల్స్ ప్రిలిమ్స్‌లో ఈ రెండు ముక్కలే అడిగారు: రాజ్యాంగంలో ప్రస్తావన లేదు, లోక్‌సభలోనే ప్రవేశపెట్టగలరు. రెండూ సరైనవే. రాజ్యసభకు ఎలా ఈ అధికారం లేదో రాష్ట్రాల్లోని మండళ్లకూ అలాగే లేదు.

198 కింద నడక ఇలా ఉంటుంది. ఆ రోజు ఉదయం 10 గంటలలోపు సభ్యుడు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. స్పీకర్ నోటీసు సక్రమంగా ఉందనుకుంటే సభలో చదివి, బలపరిచేవాళ్లను తమ స్థానాల్లో లేచి నిలబడమంటారు. కనీసం 50 మంది లేస్తే అనుమతి వచ్చినట్టు. అనుమతి అడిగిన రోజు నుంచి 10 రోజుల్లోపు చర్చకు తేదీ పెట్టాలి. ఇందులో ‘నిలబడటం’ దగ్గరే బండి ఆగిపోతుందని మనవాళ్లకు బాగా తెలియాలి. 2018 మార్చిలో ప్రత్యేక హోదా కోసం ఆంధ్రప్రదేశ్ పార్టీలు రోజూ నోటీసులిచ్చాయి. సభలో ప్లకార్డులు పట్టుకుని వెల్‌లో ఉన్నవాళ్లు ఉండగా తలలు లెక్కించలేనని స్పీకర్ సుమిత్రా మహాజన్ సభను వాయిదా వేస్తూ పోయారు. సమావేశాలు అలాగే ముగిశాయి. జులైలో సభ కుదురుకున్నాక టీడీపీ నోటీసు చర్చకొచ్చి, 20న ఓటింగు జరిగింది. అనుకూలం 126, వ్యతిరేకం 325. వేసిన ఓట్లు 451, కాబట్టి నెగ్గాలంటే 226 కావాలి. 543లో సగానికి పైన, 272 కావాలి అని రాస్తే ఆ ప్రశ్న పోయినట్టే. ఈ 50 అంకెను రాష్ట్రాలకూ అంటించొద్దు. ఏ విధానసభ నియమావళి దానిది.

విశ్వాస తీర్మానానికి ప్రత్యేక నిబంధన లేదు. మంత్రిమండలిపై సభకు విశ్వాసం ఉందనే ఒక్క వాక్యం తీర్మానాన్ని 184వ నిబంధన కింద మామూలు తీర్మానంలా తెస్తారు. ఇక్కడో చిక్కు ప్రశ్న. 2008 జులైలో మన్మోహన్ సింగ్ లోక్‌సభలో విశ్వాస తీర్మానం పెట్టి 275–256తో నెగ్గారు. ఆ 275లో ఆయన ఓటు ఉందా? లేదు, ఆయన రాజ్యసభ సభ్యుడు. 88వ ఆర్టికల్ ప్రకారం మంత్రి ఏ సభలోనైనా మాట్లాడొచ్చు, ఓటు మాత్రం తన సభలోనే.

లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం ఇంతవరకు ఒక్కటీ నెగ్గలేదు. 1963 ఆగస్టులో నెహ్రూ మీద కృపలానీ పెట్టిన మొదటిది 62–347తో వీగిపోయింది. 1979లో మొరార్జీ ఓటింగుకు ముందే రాజీనామా చేశారు. మరి ప్రభుత్వాలు కూలలేదా అంటే కూలాయి, తాము తెచ్చిన విశ్వాస తీర్మానంలోనే: 1990లో వి.పి. సింగ్, 1997లో దేవెగౌడ, 1999లో వాజ్‌పేయి. ‘అవిశ్వాసంతో పడిపోయిన కేంద్ర ప్రభుత్వం’ అని ఆప్షన్లలో వాజ్‌పేయి పేరు పెట్టి ఊరిస్తారు, జాగ్రత్త. రాష్ట్రాల్లో మాత్రం మనకే పాత ఉదాహరణ ఉంది. 1954 నవంబరులో కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం మద్యనిషేధం గొడవలో అవిశ్వాసానికి గురై ఒక్క ఓటు తేడాతో దిగిపోయింది.

ఇప్పుడు హారం. 2019 జులై 23, కర్ణాటక విధానసభ, కుమారస్వామి పెట్టిన విశ్వాస తీర్మానం. ఇది కాగితం మీద వేసి చూడండి, చదివితే ఎక్కదు. ఎన్నికైనవాళ్లు 224, నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యురాలు ఒకరు, మొత్తం 225. అనుకూలం 99, వ్యతిరేకం 105. వేసిన ఓట్లు 204. స్పీకర్‌ను తీసేస్తే సభకు రానివాళ్లు 20 మంది. 204లో మెజారిటీ 103. ప్రతిపక్షానికి 113 ఏ రోజూ లేదు, అయినా ప్రభుత్వం పడిపోయింది. అవతలివైపు ఓట్లు పెరగలేదు, ఇవతలివాళ్లు సభకు రాలేదు, అంతే.

రెండో అంకం ఇంకా బాగుంటుంది. ఆ తర్వాత స్పీకర్ రమేశ్ కుమార్ 17 మందిని అనర్హులుగా ప్రకటించారు. 225లోంచి 17 పోతే 208. మెజారిటీ 105. బీజేపీకి ఉన్నది సరిగ్గా 105. జులై 29న యడియూరప్ప మూజువాణి ఓటుతోనే గట్టెక్కారు. గైర్హాజరైతే హారం ఆ ఒక్క రోజుకే తగ్గుతుంది. రాజీనామా ఆమోదించినా, అనర్హత వేటు వేసినా ఉప ఎన్నిక దాకా తగ్గే ఉంటుంది. ‘రాజీనామాలు ఆమోదించండి’ అని ఒక పక్షం, ‘ముందు వేటు వేయండి’ అని ఇంకో పక్షం కోర్టుకెక్కేది ఇందుకే. ఆ 17 మంది మీద వేటును 2019 నవంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది, కానీ సభాకాలం ముగిసేదాకా పోటీ చేయకూడదన్న షరతును కొట్టేసింది. వాళ్లలో చాలామంది ఉప ఎన్నికల్లో నిలబడ్డారు.

విలీనం లెక్క కూడా ఇదే కుటుంబం. పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) నాలుగో పేరా ప్రకారం శాసనసభాపక్షంలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. 2019లో తెలంగాణ కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 19 మంది. అందులో రెండొంతులంటే 13 కావాలి. ఎంపీగా గెలిచిన ఉత్తమ్ కుమార్ రెడ్డి ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేయగానే హారం 18 అయింది, 12 సరిపోయింది. మర్నాడే 12 మంది విలీనం. మెయిన్స్‌లో మూడింట ఒకవంతు చీలిక అని రాసేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మూడో పేరాను 2003లో 91వ సవరణ తీసేసింది.

విప్ దగ్గర రెండు తప్పులు ఎక్కువ. ఒకటి, తటస్థంగా ఉంటే వేటు పడదనుకోవడం. రెండో పేరాలోని 1(బి) ప్రకారం ఓటేయకుండా ఉండటమూ ఉల్లంఘనే, పార్టీ 15 రోజుల్లోపు మన్నిస్తే తప్ప. రెండోది, విప్ ధిక్కరించి వేసిన ఓటు చెల్లదనుకోవడం. చెల్లుతుంది, లెక్కలోకి వస్తుంది. సీటు తర్వాత పోతుంది. కిహోటో హోలోహాన్ కేసు ఒక్క లైన్‌లో చాలు: 1992, పదో షెడ్యూల్ చెల్లుతుంది, స్పీకర్ నిర్ణయం మీద న్యాయసమీక్ష ఉంటుంది. ఎన్టీఆర్ ఎమ్మెల్యేలు 1984లో నంది హిల్స్‌లో క్యాంపు వేసే నాటికి ఈ షెడ్యూలే లేదు, 52వ సవరణ వచ్చింది 1985లో. షెడ్యూల్ వచ్చాక రిసార్టులు ఖాళీ అయ్యాయా అంటే, దేవనహళ్లి రోడ్డు మీద ఉన్నవాళ్లను అడగండి.

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి విశ్వాస తీర్మానం మీద జరిగిన ఓటింగును విడిగా ఒక పేజీలో రాసుకోండి. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యి రెండు నెలలైనా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ వచ్చి ఓటేశారు. ముఖ్యమంత్రి రాష్ట్ర శాసనసభకు ఎన్నికవడానికి ఆరు నెలల గడువు ఉంది కాబట్టి ఎంపీ సభ్యత్వం చెల్లుతుంది. ఆయన అంతరాత్మకే వదిలేస్తున్నానన్నారు స్పీకర్. ఆ స్పీకర్ మన కోనసీమ వాసి జి.ఎం.సి. బాలయోగి. టీడీపీ వాజ్‌పేయిని బలపరిచింది, కానీ ఆ పార్టీ ఎంపీ ఒకరు స్పీకర్ కుర్చీలో ఉన్నారు. తేడా ఒక్క ఓటే అయినా ఓట్లు సమానం కాలేదు కాబట్టి బాలయోగికి ఓటేసే అవకాశం రాలేదు. 100(1)ను దీనికంటే బాగా గుర్తుపెట్టే కేసు ఇంకోటి లేదు.

కోర్టు తీర్పులను వరసగా బట్టీ పట్టొద్దు, ఒక్కోదాన్నీ ‘బలం ఎక్కడ తేలాలి, ఎవరు పిలవాలి’ అనే ప్రశ్నకు కట్టండి. 1989 ఏప్రిల్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి బొమ్మైకి మెజారిటీ లేదని ఎమ్మెల్యేల లేఖలు చూసి గవర్నర్ పెండేకంటి వెంకటసుబ్బయ్య, మన కర్నూలు జిల్లా పెద్దమనిషే, ఢిల్లీకి నివేదిక పంపారు. సభలో నిరూపించుకుంటానన్నా అవకాశమివ్వలేదు. 1994లో తొమ్మిదిమంది జడ్జిల ధర్మాసనం, బలం తేలాల్సింది సభలోనే, రాజ్‌భవన్‌లో కాదని చెప్పింది. 2018లో యడియూరప్పకు గవర్నర్ ఇచ్చిన 15 రోజులను సుప్రీంకోర్టు కుదించి మే 19 సాయంత్రం 4 గంటలకు పరీక్ష పెట్టమంది, ప్రత్యక్ష ప్రసారంతో సహా. 2023 మే నాటి సుభాష్ దేశాయ్ తీర్పులో మహారాష్ట్ర గవర్నర్ బలపరీక్షకు పిలవడమే తప్పంది, పార్టీలోని అంతర్గత గొడవ తేల్చడానికి సభ వేదిక కాదంది. అయినా ఉద్ధవ్ ఠాక్రేను మళ్లీ కూర్చోబెట్టలేమంది, ఆయన పరీక్ష ఎదుర్కోకుండా రాజీనామా చేశారు కాబట్టి. ఈ చివరి ముక్క రాసినవాళ్ల జవాబు వేరేగా కనిపిస్తుంది.

విదేశాల పోలికకు జర్మనీ ఒక్కటి చాలు. అక్కడ 67వ ఆర్టికల్ ప్రకారం కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకుంటేనే పాతవారిని దించగలరు. 1982లో ష్మిట్ దిగి కోల్ ఎక్కింది అలాగే. 2024 డిసెంబరులో షోల్జ్ ఓడింది మాత్రం 68 కింద తానే అడిగిన విశ్వాస ఓటులో, తర్వాత సభ రద్దయింది. రెండూ కలిపేయకండి.

నోట్సుకు ఒక్క కాగితం అడ్డంగా తిప్పి ఆరు గడులు గీయండి: తేదీ, తీర్మానం పేరు, పెట్టినవారు, సభ బలం, ఓటేసినవారు, ఫలితం. కొత్త బలపరీక్ష ఏ రాష్ట్రంలో జరిగినా ఒక అడ్డవరస. సభ బలం, ఓటేసినవారు అనే రెండు గడులు ఎర్ర పెన్నుతో నింపండి. ఆ రెంటి మధ్య తేడా ఎక్కువున్న వరసలే ప్రశ్నలవుతాయి. ఓటింగు మూజువాణితో అయితే ఐదో గడిలో గీత పెట్టండి, అంకె ఊహించి రాయొద్దు. 2023 ఆగస్టులో గౌరవ్ గొగోయ్ పెట్టిన అవిశ్వాసం అలాగే వీగిపోయింది, దానికి ఓట్ల సంఖ్య లేదు. 150 పదాల జవాబుకు ఎనిమిది నిమిషాల్లో 75(3), 198, ఒక లెక్క, ఒక తీర్పు పడతాయి, అంతకు మించి పట్టవు. కర్ణాటక ఉదాహరణ రాసేటప్పుడు సంవత్సరం చూసుకోండి: 2019కి సభ బలం 225, ఇప్పుడు 224. ఆంగ్లో ఇండియన్ నామినేషన్ 104వ సవరణతో 2020 జనవరిలో ఆగిపోయింది.